ఫుల్ ఇన్సూరెన్స్ అన్నారు కదా, సగం బంపర్ డబ్బు మనదెందుకైంది?



వానాకాలం మొదలైందంటే మన గ్రూపులో ఒకటే రకం ప్రశ్నలు. "ఫుల్ ఇన్సూరెన్స్ కట్టాను, బంపర్ మారిస్తే సగం నన్నే పెట్టుకోమంటున్నారు, ఇదేం న్యాయం?" "కొత్త కారు కొన్నప్పుడు 3 ఏళ్ళ ఇన్సూరెన్స్ అన్నారు, రెండో ఏట గుద్దుకుంటే లేదంటున్నారు." "బయట పెద్ద స్క్రీన్ పెట్టించుకున్నాను, అది పోతే ఇస్తారా?" ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పేకంటే, ఈ పాలసీ కాగితం ఎప్పుడు పుట్టింది, ఎందుకిలా తయారైంది అన్నది ఒకసారి రాసేస్తే మేలనిపించింది. కాస్త పొడుగు పోస్టు, తీరిగ్గా చదవండి. నా ఉద్దేశంలో ఈ తగాదాల్లో ఎక్కువ భాగం మోసం వల్ల వచ్చేవి కావు. మన చేతిలో ఉన్న కాగితం ఒక కాలపు బండి కోసం రాసింది, మనం నడుపుతున్నది ఇంకో కాలపు బండి. గొడవంతా అక్కడే.

బీమా మన తెలుగువాళ్ళకు కొత్త కాదు. 1925లోనే బందరులో పట్టాభి సీతారామయ్య గారు ఆంధ్ర ఇన్సూరెన్స్ కంపెనీ పెట్టారు. కారు బీమా మాత్రం వేరే దారిలో వచ్చింది. కారున్న వాళ్ళను కాపాడాలని కాదు, కారు కింద పడిన వాళ్ళను కాపాడాలని వచ్చింది. ఇంగ్లండులో 1930 చట్టంతో రోడ్డు మీదికి వచ్చే ప్రతి బండికీ బీమా తప్పనిసరి చేశారు. గుద్దినవాడి దగ్గర డబ్బు లేకపోతే కాలు పోగొట్టుకున్నవాడి గతేమిటి అన్నదే వాళ్ళ ప్రశ్న. అదే ఆలోచన మన దేశంలో 1939 మోటారు వాహనాల చట్టంలోకి వచ్చింది. చట్టం 1939దే అయినా, అందులో బీమా తప్పనిసరి అనే 8వ అధ్యాయం అమల్లోకి వచ్చింది 1946 జులై 1న. మధ్యలో యుద్ధం నడిచింది.

ఇక్కడ మన లాంటి వాళ్ళకు ఒక తమాషా ఉంది. అది బ్రిటిష్ ఇండియా చట్టం. కాబట్టి మద్రాసు రాష్ట్రంలో ఉన్న హోసూరుకూ, అప్పుడు మద్రాసులోనే ఉన్న బళ్ళారికీ, 1936లోనే ఒరిస్సాలో కలిసిపోయిన బరంపురానికీ, బొంబాయి రాష్ట్రంలోని సోలాపురానికీ వర్తించింది. యానాంకు వర్తించలేదు. 1954 దాకా అక్కడ ఫ్రెంచి పాలనే కదా! గోదావరి ఇటు ఒక చట్టం, అటు ఒక చట్టం. మన బతుకులు ఎప్పుడూ ఇలా సరిహద్దుల మీదే. ఈ సరిహద్దుల సంగతి బండి కాగితాల దగ్గర ఇప్పటికీ ఎలా పనిచేస్తుందో కింద చెప్తాను.

అప్పటి నుంచీ ఇన్సూరెన్స్ అంటే ఒక కాగితం మీద రెండు ఒప్పందాలు. మొదటిది చట్టం బలవంతం చేసేది, అంటే థర్డ్ పార్టీ. మీరు ఒకటో పార్టీ, కంపెనీ రెండోది, రోడ్డు మీది మనిషి మూడోది. మీ బండి వల్ల అతనికి ప్రాణం పోయినా దెబ్బ తగిలినా కంపెనీ కట్టాలి. 1988 చట్టం (1989 జులై 1 నుంచి అమలు) వచ్చాక ప్రాణనష్టానికీ గాయాలకూ మొత్తం మీద పరిమితి కూడా తీసేశారు. రెండోది మీ బండి డ్యామేజీ ఒప్పందం, ఓన్ డ్యామేజ్ అంటారు. ఇది చట్టం అడగదు, మీకూ కంపెనీకీ మధ్య మాట మాత్రమే. "ఫుల్ ఇన్సూరెన్స్" అని మనం అనేది ఈ రెండూ కలిసినదాన్ని. కానీ "ఫుల్" అన్న మాట పాలసీలో ఎక్కడా ఉండదు. అది ఏజెంటు మాట, మన మాట.

రెండూ ఒకటే అనుకోవడం వల్ల వచ్చే చిక్కుల్లో అన్నిటికంటే పెద్దది 2018 నుంచి మొదలైంది. థర్డ్ పార్టీ కూడా లేకుండా లక్షల బళ్ళు తిరుగుతున్నాయని సుప్రీంకోర్టు కన్నెర్ర చేసింది. 2018 సెప్టెంబరు 1 నుంచి కొత్త కారుకు ఒకేసారి 3 ఏళ్ళ థర్డ్ పార్టీ, కొత్త టూవీలర్‌కు 5 ఏళ్ళ థర్డ్ పార్టీ తీసుకోవాలని చెప్పింది. షోరూము వాళ్ళు దాంతోపాటు సొంత డ్యామేజీ ఒక్క ఏడాదికే కలిపి ఇస్తారు. అంటే ఒకే కాగితం మీద రెండు తేదీలు. మన సభ్యుల్లో ఒకాయన కారు కొన్న 14వ నెలలో డివైడర్‌కు గుద్దారు. కాగితం మీద పెద్ద అక్షరాల్లో 3 ఏళ్ళ తేదీ కనబడుతూనే ఉంది. కానీ సొంత డ్యామేజీ ముగిసి 2 నెలలైంది. 70 వేలు చేతి నుంచి పెట్టుకున్నారు. ఇది చదివిన వెంటనే మీ పాలసీ తీసి ఆ రెండో తేదీ ఎప్పటిదో చూడండి. 2019 సెప్టెంబరు నుంచి సొంత డ్యామేజీ పాలసీ విడిగా కూడా దొరుకుతుంది, ఇంకో కంపెనీ దగ్గర తీసుకున్నా ఫరవాలేదు.

ఇక సగం బంపర్ సంగతి.

అంబాసిడర్లు, ప్రీమియర్ పద్మినీలు, మన మద్రాసు పక్కన వండలూరులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్‌లు తిరిగిన కాలం గుర్తు చేసుకోండి. బండి అంటే రేకు, ఇనుము, గాజు, రబ్బరు. గుద్దుకుంటే టింకర్ షెడ్డుకు తోలేవాళ్ళం. ఆయన సుత్తితో, గ్యాసుతో రేకు వంపు తీసి, పట్టీ పెట్టి, రంగు కొట్టేవాడు. కావలసిన సామాను మద్రాసులో అయితే పుదుపేటలో, బెంగళూరులో అయితే శివాజీనగరంలో, బొంబాయిలో అయితే కుర్లాలో దొరికేది. బిల్లులో ఎక్కువ భాగం మనిషి చేతిపని. చేతిపనికి తరుగుదల లేదు, సామాను మారిస్తేనే తరుగుదల. అప్పట్లో ప్రీమియం రేట్లు, పాలసీలోని మాటలు అన్నీ టారిఫ్ కమిటీ పెట్టేది, ఏ కంపెనీ గడప తొక్కినా అదే రేటు. 1973 జనవరి 1 నుంచి అయితే కంపెనీలు కూడా నాలుగే. 107 బీమా కంపెనీలను జాతీయం చేసి, కలకత్తాలో నేషనల్, బొంబాయిలో న్యూ ఇండియా, ఢిల్లీలో ఓరియంటల్, మద్రాసులో యునైటెడ్ ఇండియా అని నాలుగుగా మార్చారు. సేవ ఎలా ఉండేదో పెద్దవాళ్ళకు తెలుసు. ముందు మన డబ్బుతో రిపేరు చేయించుకుని, బిల్లులు పట్టుకుని తిరగడమే. క్యాష్‌లెస్ అన్న మాటే లేదు.

ఆ టారిఫ్ చివరిసారి పెద్దగా సవరించి అచ్చువేసింది 2002లో, ఇండియా మోటార్ టారిఫ్ పేరుతో. అందులోని తరుగుదల పట్టికే ఇప్పటికీ మీ పాలసీలో కూర్చుని ఉంది. రబ్బరు, నైలాన్, ప్లాస్టిక్ భాగాలు, టైర్లు, ట్యూబులు, బ్యాటరీలు, ఎయిర్‌బ్యాగులు: బండి వయసుతో పని లేకుండా 50 శాతం కోత. ఫైబర్ గ్లాసు భాగాలు: 30 శాతం. గాజుకు కోతే లేదు. లోహపు భాగాలకు వయసును బట్టి: మొదటి 6 నెలలు ఏమీ లేదు, ఏడాది లోపు 5 శాతం, 2 ఏళ్ళ లోపు 10, 3 ఏళ్ళ లోపు 15, 4 ఏళ్ళ లోపు 25, 5 ఏళ్ళ లోపు 35, 10 ఏళ్ళ లోపు 40, ఆపైన 50. రంగు బిల్లులో నాలుగో వంతును సరుకు ఖర్చుగా లెక్కగట్టి, అందులో సగం కోస్తారు.

ఈ పట్టిక చూశాక చెప్పండి, ఇది ఏ బండి కోసం రాశారు? రేకు బండిలో ప్లాస్టిక్ అంటే ఏవో నాలుగు బిరడాలు, స్విచ్చులు. సగం కోసినా ఎవరికీ నొప్పి లేదు. ఇప్పుడు బండి ముందు భాగమంతా ప్లాస్టికే. బంపర్ ప్లాస్టిక్, గ్రిల్ ప్లాస్టిక్, హెడ్‌ల్యాంపు ప్లాస్టిక్, అద్దాల డొప్పలు ప్లాస్టిక్. పైగా వంపు తీసే పనే లేదు, పగిలితే మార్చడమే. బిల్లు చేతిపని నుంచి సామాను మీదికి మారింది, కోత మాత్రం పాత చోటే ఉండిపోయింది.

ఒక లెక్క వేద్దాం. అంకెలు నేను వేసుకున్నవి, జీఎస్టీ వదిలేశాను. మూడున్నర ఏళ్ళ చిన్న కారు, ముందు భాగం తగిలింది. బంపర్ 12,000, హెడ్‌ల్యాంపు 10,000, రేకు ఫెండర్ 4,000, రంగు 8,000, కూలి 5,000. మొత్తం 39,000. బంపర్‌లో 6,000, ల్యాంపులో 5,000, ఫెండర్‌లో 25 శాతం కింద 1,000, రంగులో 1,000 పోతాయి. ప్రతి క్లెయిముకూ మనం తప్పక పెట్టుకోవాల్సిన 1,000 ఉంది (1500 సీసీ దాటితే 2,000). మీ చేతి డబ్బు 14,000, కంపెనీ ఇచ్చేది 25,000. ఇందులో సర్వేయర్ అన్యాయం ఏమీ లేదు, పట్టిక ప్రకారం చేశాడంతే. అదే దెబ్బ అంబాసిడర్‌కు తగిలి ఉంటే రేకు సాపు చేసి పంపేవాళ్ళు, కోత పడే సామానే తక్కువ.

మరి ఈ చిల్లు ఎలా పూడ్చారు? పట్టిక మార్చి కాదు, పైన ఇంకో అతుకు అమ్మి. 2000లో ప్రైవేటు కంపెనీలు మళ్ళీ వచ్చాయి. 2007 జనవరి 1 నుంచి సొంత డ్యామేజీ రేట్ల మీద టారిఫ్ ఎత్తేశారు, ఎవరి రేటు వాళ్ళది అయింది. పాలసీ మాటలు మాత్రం పాతవే ఉంచమన్నారు. 2009 నుంచి యాడ్‌ఆన్‌లకు అనుమతి వచ్చింది. అలా పుట్టిందే జీరో డిప్రిసియేషన్, మన భాషలో "బంపర్ టు బంపర్". పాత పట్టిక కోసిన దాన్ని మళ్ళీ కలిపి ఇవ్వడానికి విడిగా డబ్బు తీసుకుంటారన్నమాట. నాకు ఇది సబబుగా తోచదు. పట్టికనే బండికి తగ్గట్టు తిరగరాయాల్సింది. కానీ ఉన్న లోకంలో బతకాలి కాబట్టి, 5 ఏళ్ళ లోపు కారైతే తీసుకోవడమే మేలు. అయితే ఏడాదికి ఎన్ని క్లెయిములకు వర్తిస్తుందో అడగండి, చాలా వాటిలో రెండే.

నీళ్ళ సంగతి కూడా ఇంతే. వరద, తుపాను మామూలు పాలసీలోనే ఉన్నాయి, 2005 జులై 26న ముంబైలో, 2015 డిసెంబరులో మా చెన్నైలో మునిగిన కార్ల లోపలి సీట్లకూ వైరింగుకూ చాలామందికి డబ్బు వచ్చింది. పేచీ అంతా ఇంజను దగ్గర. నీళ్ళు దిగాక తాళం తిప్పితే సిలిండర్లోకి చేరిన నీరు నొక్కుకోదు, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. "ఇంజను పాడైంది వరద వల్ల కాదు, మీరు స్టార్ట్ చేయడం వల్ల" అంటుంది కంపెనీ. అది పర్యవసాన నష్టం కిందికి వస్తుందనీ, పాలసీలో లేదనీ. ఇంజన్ ప్రొటెక్ట్ అనే అతుకు ఈ గొడవల నుంచి పెరిగినదే. 2022 జులైలో గోదావరి పొంగి యానాం వీధుల్లోకి వచ్చినప్పుడూ ఇదే వరస. నీళ్ళలో ఆగిపోయిన బండికి తాళం పెట్టకండి, ఫొటోలు తీసి, కంపెనీకి ఫోను చేసి, తోయించుకుని వెళ్ళండి. టోయింగ్ బండి వాడు "ఒక్కసారి స్టార్ట్ చేసి చూద్దాం సార్" అన్నా వద్దనండి.

ఇప్పుడు ఫీచర్ల ప్రశ్నలు. బేస్ మోడల్ కొని, బయట టాప్ మోడల్ సామాను బిగించుకోవడం మనవాళ్ళకు అలవాటు. పెద్ద స్క్రీను, అలాయ్ చక్రాలు, రివర్స్ కెమెరా. కంపెనీ లెక్కలో మీ బండి బేస్ మోడలే. ఆ వేరియంటు ధర నుంచే ఐడీవీ కట్టారు. బయట పెట్టించిన వస్తువులు విడిగా రాయించి, కరెంటు సామానుకు విలువలో 4 శాతం ప్రీమియం కట్టి ఉంటేనే దొరుకుతాయి. సీఎన్‌జీ కిట్టుకూ అంతే, పైగా ఆర్.సి.లో కూడా ఎక్కాలి. కిట్టు రాయించకుండా తిరిగే బండి కాలిపోతే మొత్తం క్లెయిమే పేచీలో పడుతుంది. తయారీ కంపెనీ ఇచ్చిన కొలతలకు విరుద్ధంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది.

ఎయిర్‌బ్యాగు సంగతి చూడండి. 2019 జులై నుంచి డ్రైవరు ఎయిర్‌బ్యాగు ప్రభుత్వమే తప్పనిసరి చేసింది, తర్వాత పక్క సీటుకూ. ఒకసారి విచ్చుకున్నాక మళ్ళీ పనికిరాదు, మార్చాల్సిందే. పట్టిక ప్రకారం దానికి సగమే. ప్రభుత్వం పెట్టమన్న ప్రాణరక్షణ వస్తువుకు టైరుతో సమానంగా అరుగుదల లెక్కగట్టడం ఏమిటో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. ఇక కరెంటు కార్లు కొంటున్న పిల్లలకు ఒక మాట. పట్టికలో "బ్యాటరీలు" అని రాసినప్పుడు వాళ్ళ కళ్ళ ముందున్నది బానెట్ కింది చిన్న లెడ్ యాసిడ్ డబ్బా. ఇప్పుడు బ్యాటరీ అంటే బండి ధరలో పెద్ద ముక్క. మీ పాలసీలో దాన్ని ఎలా చూస్తారో, నీళ్ళు చేరితే ఏమిటో, కొనేముందే మెయిల్లో రాయించుకోండి. నోటిమాట వద్దు.

సర్వేయర్ గురించి కూడా చెప్పాలి. వర్క్‌షాపులో చొక్కా మీద కంపెనీ బొమ్మ ఉన్న అడ్వైజరు సర్వేయర్ కాడు. సర్వేయర్‌కు లైసెన్సు ఉంటుంది. 1938 బీమా చట్టానికి 1968లో చేసిన సవరణతో, 20 వేలకు తక్కువ కాని క్లెయిములను లైసెన్సున్న సర్వేయరే చూడాలన్నారు. ఆ మొత్తం తర్వాత పెంచారు. ఆయన చూడకముందే బండి విప్పనివ్వకండి. ఆయన రిపోర్టు నకలు అడిగి తీసుకునే హక్కు మీకుంది, అడగండి. ఏ భాగానికి ఎంత కోశారో అందులోనే ఉంటుంది.

మన సంఘంలో అన్నిటికంటే ఎక్కువ నష్టం జరుగుతున్నది మాత్రం ఇంకో చోట. చుట్టరికం దగ్గర. "బావమరిది బండే కదా, పేరు తర్వాత మార్పిద్దాం." డబ్బిచ్చి తాళం తీసుకుంటాం, ఆర్.సి. ఆయన పేరుమీద, పాలసీ ఆయన పేరుమీద, నడిపేది మనం. బండి అమ్మినప్పుడు థర్డ్ పార్టీ రక్షణ చట్టం ప్రకారం (157వ సెక్షన్) కొన్నవాడికి తనంతట తానే వస్తుంది. సొంత డ్యామేజీ రాదు. అది వ్యక్తిగత ఒప్పందం, కంపెనీ ఒప్పుకోకుండా చేయి మారదని సుప్రీంకోర్టు 1990లలోనే తేల్చింది. 14 రోజుల లోపు కంపెనీకి రాసి పాలసీ మీ పేరుకు మార్పించుకోవాలి. బరంపురం వైపు ఒక కుటుంబం మేనమామ దగ్గర కారు కొని ఏడాదిన్నర అలాగే తిప్పింది. చెట్టు పడి బండి నుజ్జయితే, అమ్మేసిన మామగారికి బండి మీద హక్కు లేదన్నారు, కొన్న మేనల్లుడికి పాలసీ లేదన్నారు. ఇద్దరి మధ్య మాటలు కూడా లేవిప్పుడు. 4 లక్షల బండి కంటే అదే పెద్ద నష్టం అనిపిస్తుంది నాకు.

నో క్లెయిమ్ బోనస్ కూడా మనిషిదే, బండిది కాదు. 20తో మొదలై 25, 35, 45 మీదుగా 50 శాతం దాకా పెరుగుతుంది. మామగారి బోనస్ మీ పాలసీలో రాయించుకుంటే అది తప్పుడు మాట కింద లెక్క, క్లెయిము వేళ బయటపడుతుంది. బండి అమ్మేవాళ్ళు తమ బోనస్ లెటర్ తీసుకుంటే 3 ఏళ్ళ లోపు ఇంకో కారుకు వాడుకోవచ్చు. 5 వేల గీతకు క్లెయిము వేసి 50 శాతం బోనస్ పోగొట్టుకున్నవాళ్ళూ మనలో ఉన్నారు. ముందు లెక్క వేసుకోండి.

చివరికి సరిహద్దుల సంగతి. కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి నెల దాటినా జవాబు లేకపోతే, లేదా కాదంటే, ఏడాదిలోపు ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్ళవచ్చు. 1998లో వచ్చిన ఏర్పాటు ఇది. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. కర్ణాటక వాళ్ళకు బెంగళూరు, తమిళనాడు వాళ్ళకు చెన్నై, ఒడిశా వాళ్ళకు భువనేశ్వర్, మహారాష్ట్రలో ముంబై, పుణె. యానాం వాళ్ళకు? బండి నంబరు పీవై 04, పాలన పుదుచ్చేరిది, కాబట్టి చెన్నై ఆఫీసు అనుకుంటారు. కాదు. యానాం మాత్రం హైదరాబాదు ఆఫీసు కిందికి వస్తుంది. తెలుగులో మాట్లాడే వాళ్ళు దొరికే అవకాశం ఎక్కువ కాబట్టి, ఈ ఒక్క చోట సరిహద్దు మనవైపు వాలింది.

పాలసీలో ఏ తేదీ ఏమిటో, ఏ యాడ్‌ఆన్ ఉందో తెలియని పెద్దవాళ్ళు ఆదివారం పొద్దున సంఘం ఆఫీసుకు కాగితం పట్టుకురండి, కూర్చుని చదువుదాం. దూరపు ఊళ్ళ వాళ్ళు ఫొటో పంపేటప్పుడు పాలసీ నంబరు, ఫోను నంబరు కనబడకుండా చూసుకోండి. లారీలు, ట్రాక్టర్ల పాలసీల లెక్క వేరు, వాటి గురించి అడిగిన సోలాపురం, భివండీ మిత్రులకు విడిగా రాస్తాను.